సీజన్ నడుమ జట్టు మారిన పిచర్: 2008లో సీసీ సబాథియా

సభకు నమస్కారం.

బేస్‌బాల్‌లో సీజన్ మధ్యలో ఒక జట్టు నుంచి మరొక జట్టుకు వెళ్లిన పిచర్, అంటే మన బౌలర్ లాగా బంతి విసిరేవాడు, ఎలా ఆడతాడన్నది ఈ రోజు నాకు అప్పగించిన విషయం. ఇలాంటి విషయం మీద పది మంది ఆటగాళ్ల పేర్లు చెప్పి, ఒక్కొక్కరి గురించి రెండేసి మాటలు మాట్లాడి ముగించవచ్చు. అలా చేస్తే మనకు మిగిలేది అంకెల జాబితా మాత్రమే. అందుకని ఒకే ఒక్క పిచర్‌ను, ఒకే ఒక్క సంవత్సరాన్ని తీసుకుని, దాని లోతుపాతులు చూద్దామని నిర్ణయించుకున్నాను. ఆ పిచర్ సీసీ సబాథియా, ఆ సంవత్సరం 2008.

క్రికెట్ చూసి పెరిగిన మనకు ముందుగా ఒక సంగతి స్పష్టం కావాలి. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఆటగాడి ఒప్పందం జట్టు చేతిలో ఉన్న ఆస్తి లాంటిది. ఒప్పందంలోనో లీగ్ నియమాల్లోనో ప్రత్యేకమైన రక్షణ ఏదైనా ఉంటే తప్ప, సీజన్ సాగుతుండగానే జట్టు యాజమాన్యం ఆ ఒప్పందాన్ని మరొక జట్టుకు బదిలీ చేయవచ్చు. ఆటగాడి ఇష్టాయిష్టాలతో నిమిత్తం లేదు. నిన్నటిదాకా ఒక ఊరి కోసం బంతి విసిరినవాడు రేపు మరొక ఊరి చొక్కా తొడుక్కుని మైదానంలో దిగుతాడు. దీన్నే ట్రేడ్ అంటారు. గెలిచే ఆశ లేని జట్టు తన మంచి ఆటగాణ్ని ఇచ్చేసి, బదులుగా ఇంకా పేరు రాని కుర్రవాళ్లను తీసుకుంటుంది. గెలుపు అంచున ఉన్న జట్టు ఆ కుర్రవాళ్ల భవిష్యత్తును వదులుకుని, ఈ రెండు మూడు నెలల కోసం ఆ మంచి ఆటగాణ్ని తెచ్చుకుంటుంది.

2008 జులై 7న జరిగింది సరిగ్గా అదే. సబాథియా అప్పటికి క్లీవ్‌ల్యాండ్ ఇండియన్స్ జట్టు పిచర్. ఆ జట్టునే ఇప్పుడు గార్డియన్స్ అంటున్నారు. కాలిఫోర్నియాలోని వల్లేహో పట్టణంలో పుట్టిన ఇతణ్ని క్లీవ్‌ల్యాండ్ 1998 డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త కుర్రవాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో, తొలి రౌండ్‌లోనే ఎంచుకుంది. ఎడమచేతి వాటం, ఆరున్నర అడుగుల ఎత్తు, అంతకు తగిన భారీ విగ్రహం. బేస్‌బాల్ ఆటలో ఒక్కో జట్టుకు తొమ్మిది ఇన్నింగ్స్, ముగ్గురు అవుటైతే ఒక ఇన్నింగ్స్ ముగుస్తుంది; ఆట గెలుపోటములను పిచర్ ఖాతాలో కూడా రాస్తారు. 2007లో 241 ఇన్నింగ్స్ విసిరి, 19 విజయాలు సాధించి, మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటైన అమెరికన్ లీగ్‌లో అత్యుత్తమ పిచర్‌కు ఇచ్చే సై యంగ్ పురస్కారం గెలుచుకున్నాడు. అయితే 2008లో క్లీవ్‌ల్యాండ్ చతికిలబడింది. సబాథియా ఒప్పందం ఆ ఏడాదితో ముగుస్తుంది. ఆ తరువాత అతడు ఫ్రీ ఏజెంట్, అంటే ఏ జట్టుతోనైనా బేరమాడుకునే స్వేచ్ఛ ఉన్నవాడు. అతణ్ని నిలుపుకోగల డబ్బు తమ దగ్గర లేదని క్లీవ్‌ల్యాండ్‌కు తెలుసు. అందుకే జనరల్ మేనేజర్ మార్క్ షపైరో, మిల్వాకీ బ్రూవర్స్ జనరల్ మేనేజర్ డగ్ మెల్విన్‌తో ఒప్పందం కుదుర్చుకున్నాడు. సబాథియాకు బదులుగా మ్యాట్ లపోర్టా, జాక్ జాక్సన్, రాబ్ బ్రైసన్ అనే ముగ్గురు కుర్రవాళ్లు, పేరు తరువాత తేల్చుకునే మరొక ఆటగాడు క్లీవ్‌ల్యాండ్‌కు దక్కాలి. ఆ నాలుగో ఆటగాణ్ని గుర్తు పెట్టుకోండి.

ఇక అందరూ చెప్పుకునే అంకెలు ఇవి. క్లీవ్‌ల్యాండ్ తరఫున ఆ ఏడాది సబాథియా 18 ఆటలు మొదలుపెట్టి, 6 గెలిచి, 8 ఓడాడు. ఫీల్డింగ్ లోపాల వల్ల వచ్చినవి వదిలేసి, తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఎన్ని పరుగులు ఇచ్చాడో చెప్పే ఇ.ఆర్.ఎ. 3.83. మిల్వాకీకి వచ్చాక 17 ఆటల్లో 11 గెలిచి, 2 మాత్రమే ఓడాడు. ఇ.ఆర్.ఎ. 1.65. జులైలో అడుగుపెట్టిన దగ్గర నుంచి సెప్టెంబరు నడిమిదాకా వరుసగా 9 విజయాలు, ఓటమి అన్నదే లేదు. ఈ రెండు వరుసలను పక్కపక్కన పెట్టి చూసినవారెవరైనా, జట్టు మారడంతో మనిషే మారిపోయాడని అనుకుంటారు. కొత్త ఊరు, కొత్త ఉత్సాహం, కొత్త ప్రాణం అన్న కథ ఆనాడు బాగా ప్రచారమైంది. నేటికీ అలాగే చెప్పుకుంటున్నారు.

ఆ కథ నిజం కాదని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను, దయచేసి కాస్త ఓపికగా వినండి.

క్లీవ్‌ల్యాండ్ అంకెలను ఒకే ముద్దగా చూడకుండా రెండుగా విడదీయాలి. ఆ సీజన్ తొలి నాలుగు ఆటల్లో సబాథియా చాలా దారుణంగా విసిరాడు. 18 ఇన్నింగ్స్‌లో 27 పరుగులు ఇచ్చాడు. ఇ.ఆర్.ఎ. 13.50, ఖాతాలో మూడు ఓటములు. సై యంగ్ గెలిచిన చేతికి ఏమైందోనని జనం విస్తుపోయారు. అంతకు ముందు ఏడాది ప్లేఆఫ్స్‌తో, అంటే సీజన్ చివర మేటి జట్ల మధ్య జరిగే నాకౌట్ పోటీలతో, కలిపి అతడు విసిరిన వందల ఇన్నింగ్స్ అలసట కావచ్చు, ఒప్పందం చివరి ఏడాది బరువు కావచ్చు, విసిరే తీరులో వచ్చిన తేడా కావచ్చు. కారణం ఏదైనా, ఏప్రిల్ చివరికే అతడు దాన్ని సరిచేసుకున్నాడు. ఆ నాలుగు ఆటలను పక్కన పెడితే, క్లీవ్‌ల్యాండ్‌లో మిగిలిన 14 ఆటల్లో, 104 ఇన్నింగ్స్‌కు పైగా విసిరి, అతడు ఇచ్చినవి 25 పరుగులే. లెక్క కడితే ఇ.ఆర్.ఎ. 2.16 దగ్గర తేలుతుంది. మిల్వాకీలో 130 ఇన్నింగ్స్‌కు పైగా విసిరి, ఇదే లెక్కన 24 పరుగులు ఇచ్చాడు. అంటే మిల్వాకీకి వచ్చిన మనిషి ఓడిపోయి, అలసిపోయి, కొత్త జీవితం వెతుక్కుంటూ వచ్చినవాడు కాదు. రెండున్నర నెలలుగా దేశంలోని ఉత్తమ పిచర్లలో ఒకడిగా విసురుతూనే వచ్చాడు. అతని మార్పు ఏప్రిల్‌లో జరిగింది, దాన్ని లోకం గమనించింది జులైలో.

ఇంకొక ఆధారం దీనికన్నా గట్టిది. పిచర్ చేతిలో ఉన్న సత్తాను తెలుసుకోవాలంటే పరుగులకన్నా ముందు స్ట్రైకౌట్లు చూడాలి. బ్యాటర్ కొట్టబోయి తప్పిన బంతి, కొట్టదగినదై ఉండీ వదిలేసిన బంతి స్ట్రైకు; మూడు స్ట్రైకులు పడి అవుటైతే అది స్ట్రైకౌట్. అదే చూడాలి, ఎందుకంటే బ్యాటర్‌ను స్ట్రైకౌట్ చేయడంలో ఫీల్డర్ల సాయం గానీ, గాలివాటు అదృష్టం గానీ దాదాపు ఉండవు. సబాథియా క్లీవ్‌ల్యాండ్‌లో 122 ఇన్నింగ్స్‌కు 123 స్ట్రైకౌట్లు చేశాడు. మిల్వాకీలో 130 ఇన్నింగ్స్‌కు 128. అటూ ఇటూ ఇన్నింగ్స్‌కు ఒకటి. తేడా లేదు. తేడా ఉన్నది గురి తప్పిన నాలుగు బంతులకు బ్యాటర్‌ను ఉచితంగా మొదటి బేస్‌కు పంపే వాక్‌ల సంఖ్యలో: అక్కడ 34, ఇక్కడ 25. గురి కొంత మెరుగుపడిందన్నమాట నిజమే, కాని ఆ గంటకు నూట యాభై కిలోమీటర్ల ఫాస్ట్‌బాల్, కుడిచేతి బ్యాటర్ కాళ్లవైపు వాలుతూ పడే ఆ స్లైడర్, ఫాస్ట్‌బాల్ లాగానే చేతిలోంచి బయలుదేరి చివరిలో వేగం తగ్గే ఆ చేంజప్, ఇవేవీ మిల్వాకీలో పుట్టినవి కావు.

మరి 2.16 నుంచి 1.65కు తగ్గిన ఆ కాస్త ఎక్కడి నుంచి వచ్చింది? నా దృష్టిలో అందులో పెద్ద వాటా లీగ్ మార్పుదే. అప్పట్లో అమెరికన్ లీగ్‌లో పిచర్‌కు బదులు బ్యాటింగ్ చేయడానికే ప్రత్యేకంగా ఒక మనిషి ఉండేవాడు; మిల్వాకీ ఆడే రెండో విభాగం నేషనల్ లీగ్‌లో పిచర్ తన బ్యాట్ తానే పట్టుకోవలసి వచ్చేది. పదకొండో నంబరు బ్యాట్స్‌మన్‌కు బౌలింగ్ చేయడం ఎంత తేలికో క్రికెట్ చూసేవారికి వేరే చెప్పనక్కర్లేదు. ప్రత్యర్థి తొమ్మిది మందిలో ఒకడు దాదాపు ఊరికే అవుటవుతాడు. పైగా నేషనల్ లీగ్ బ్యాటర్లలో చాలామంది సబాథియా బంతిని అంతకు ముందు ఎదుర్కొన్నవారు కారు. ఈ రెండూ కలిసి ఆ సగం పరుగును మింగేసి ఉంటాయి. మాటవరసకు మరొక సంగతి చెబుతాను: బ్యాటింగ్ భారం సబాథియాకు భారం కాలేదు. మిల్వాకీకి వచ్చిన వారంలోపే సిన్సినాటి మీద తానే హోమ్‌రన్, మన సిక్సర్ లాంటిది, కొట్టి, తానే మొత్తం ఆట విసిరి, 3-2తో గెలిపించాడు.

ఇలాంటి సందర్భాలు చరిత్రలో ఇంకా ఉన్నాయి. 1998లో రాండీ జాన్సన్ సియాటిల్‌లో 4.33 ఇ.ఆర్.ఎ.తో ఉండగా జులై ఆఖరి రోజున హ్యూస్టన్‌కు మారి, అక్కడ 11 ఆటల్లో 10 గెలిచి, 1.28తో ముగించాడు. అతని స్ట్రైకౌట్ల జోరు కూడా రెండు చోట్లా దాదాపు ఒకటే. 1984లో రిక్ సట్‌క్లిఫ్ ఇదే క్లీవ్‌ల్యాండ్ నుంచి షికాగో కబ్స్‌కు వెళ్లి 16 గెలిచి ఒక్కటే ఓడి, నేషనల్ లీగ్ సై యంగ్ అందుకున్నాడు. 1987లో డాయిల్ అలెగ్జాండర్ డెట్రాయిట్‌కు వెళ్లి ఓటమి లేకుండా తొమ్మిది గెలిచాడు. అయితే అతని కోసం డెట్రాయిట్ వదులుకున్న కుర్రవాడు జాన్ స్మోల్ట్జ్, తరువాతి రోజుల్లో ఆటలోని మహామహులకే చోటు దక్కే హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరిన పిచర్. ఇవన్నీ తలా ఒక ప్రసంగానికి సరిపోయే విషయాలు, ఇక్కడితో వదిలేస్తాను.

కనుక ట్రేడ్ సబాథియా చేతిని మార్చలేదు. అయితే ట్రేడ్ మార్చినది ఒకటి ఉంది, నా దృష్టిలో అదే అసలు విషయం. ఆ చేతిని వాడుకున్న తీరు మారింది. క్లీవ్‌ల్యాండ్‌లో 18 ఆటలకు మూడు మాత్రమే చివరిదాకా తానే విసిరి ముగించాడు. మిల్వాకీలో 17 ఆటలకు ఏడు అలా ముగించాడు. వాటిలో మూడింట్లో ప్రత్యర్థికి ఒక్క పరుగు కూడా దక్కలేదు. ఒక పిచర్ తొమ్మిది ఇన్నింగ్స్ పూర్తిగా విసరడం అప్పటికే అరుదైపోయిన కాలమది. మన పల్లెల్లో అద్దెకు తెచ్చుకున్న ఎడ్లను దుక్కిలో కట్టినవాడు పొద్దు వాలేదాకా దున్నించుకుంటాడు, మరునాటి అలసట తనది కాదు కాబట్టి. మిల్వాకీ దుర్మార్గంగా ప్రవర్తించిందని నేను అనడం లేదు. అక్టోబరు తరువాత ఆ చేయి తమది కాదన్న ఎరుక మాత్రం ప్రతి నిర్ణయంలోనూ ఉండే ఉంటుంది. ఎడ్లకు నోరు లేదు, సబాథియాకు ఉంది. వద్దని అనగలిగీ అతడు అనలేదు. అందుకే నాకు ఈ మనిషి మీద అంత గౌరవం.

మిల్వాకీ ఊరి గురించి రెండు మాటలు చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. అప్పట్లో దాదాపు ఆరు లక్షల జనాభా ఉన్న నగరం, మేజర్ లీగ్ ఊళ్లలో చిన్నవాటిలో ఒకటి. బ్రూవర్స్ ప్లేఆఫ్స్‌కు చివరిసారి చేరింది 1982లో. ఇరవయ్యారేళ్లు గడిచాయి, అంటే ఆనాడు పుట్టిన పిల్లలు పెళ్లీడుకు వచ్చారు. ఆ 2008 సీజన్‌లో తొలిసారిగా ఆ మైదానానికి వచ్చిన ప్రేక్షకుల సంఖ్య 30 లక్షలు దాటింది. అంత చిన్న ఊరికి అది సామాన్యమైన సంగతి కాదు.

ఆగస్టు 31న పిట్స్‌బర్గ్‌లో జరిగిన ఆటను కాస్త దగ్గరగా చూద్దాం. ఆ రోజు సబాథియా ప్రత్యర్థికి ఒకే ఒక్క హిట్ ఇచ్చాడు. బంతిని కొట్టి బ్యాటర్ క్షేమంగా బేస్ చేరితే అది హిట్. ఆ ఒక్కటీ ఎలా వచ్చిందంటే, ఐదో ఇన్నింగ్స్‌లో ఆండీ లారోష్ అనే బ్యాటర్ బ్యాట్ ఊపబోయి మధ్యలో ఆపుకున్నాడు. ఆ సగం ఊపుకే బంతి తగిలి, పిచర్ నిలబడి విసిరే మట్టి దిబ్బ, అంటే మౌండ్, ముందు నేలమీద నెమ్మదిగా దొర్లింది. సబాథియా మౌండ్ దిగి వచ్చి, గ్లవుజు లేని ఎడమచేత్తో దాన్ని అందుకోబోయాడు. బంతి చేతిలోంచి జారింది. బ్యాటర్ మొదటి బేస్ చేరాడు. దాన్ని ఫీల్డర్ తప్పుగా రాయాలా, బ్యాటర్ హిట్‌గా రాయాలా అన్నది స్కోరర్ నిర్ణయం, ఆయన హిట్ అని రాశారు. తప్పు అని రాసి ఉంటే అది ఒక్క హిట్టూ ఇవ్వని ఆట, నో హిట్టర్ అయ్యేది, బ్రూవర్స్ చరిత్రలో 1987లో హువాన్ నీవెస్ సాధించిన దాని తరువాత రెండోది. మిల్వాకీ ఆ నిర్ణయం మీద లీగ్‌కు విన్నవించుకుంది, లీగ్ ఒప్పుకోలేదు. 7-0తో గెలిచిన ఆటలో పదకొండు స్ట్రైకౌట్లు చేసిన పిచర్‌కు, తన చేతిలోంచి తానే జారవిడుచుకున్న బంతి ఆ ఘనతను దూరం చేసింది. స్కోరర్ తీర్పు మీద నాకు ఆనాటి నుంచి అసంతృప్తి ఉంది. శుభ్రంగా అందుకుని విసిరి ఉంటే బ్యాటర్ అవుటయ్యేవాడనే నేను నమ్ముతాను.

సెప్టెంబరు వచ్చేసరికి పరిస్థితి తిరగబడింది. గెలుపు దాదాపు ఖాయమనుకున్న జట్టు వరుసగా ఓడడం మొదలుపెట్టింది. ఫిలడెల్ఫియాలో నాలుగు ఆటలకు నాలుగూ పోగొట్టుకుంది. మరునాడు, సెప్టెంబరు 15న, ఇంకా 12 ఆటలు మిగిలి ఉండగానే మైదానంలో జట్టును నడిపించే మేనేజర్ నెడ్ యోస్ట్‌ను తొలగించి, డేల్ స్వేమ్‌కు పగ్గాలిచ్చారు. ప్లేఆఫ్స్ దారిలో ఉన్న జట్టు అలాంటి నిర్ణయం తీసుకోవడం చాలా అరుదు. యువ పిచర్ యోవాని గయార్డో మే నెల మొదట్లోనే మోకాలి గాయంతో దూరమయ్యాడు. మరో ముఖ్యమైన పిచర్ బెన్ షీట్స్ మోచేయి నెల చివరికి పనికి రాకుండా పోయింది. మిగిలింది సబాథియా.

సాధారణంగా ఆట మొదలుపెట్టే పిచర్‌కు రెండు ఆటల మధ్య నాలుగు రోజుల విశ్రాంతి ఇస్తారు. నూరు బంతులు పూర్తి బలంతో విసిరిన భుజం, మోచేయి తేరుకోవడానికి అంత వ్యవధి కావాలి. స్వేమ్ దాన్ని మూడు రోజులకు కుదించాడు. ఒకసారి కాదు, వరుసగా మూడుసార్లు: సెప్టెంబరు 20, 24, 28. ఈ ఒక్క నిర్ణయం వెనక ఎంత పణం ఉందో ఆలోచించండి. కొన్ని వారాల్లో ఆ మనిషి జీవితంలోనే అతి పెద్ద ఒప్పందం కోసం బేరానికి కూర్చోవాలి. మోచేతిలో ఒక స్నాయువు తెగితే ఆ బేరం అంతటితో సరి. అద్దెకు వచ్చిన ఊరి కోసం అలాంటి పణం ఒడ్డమని ఎవరూ అడగలేరు, అడిగినా కాదంటే తప్పు పట్టేవారు ఉండరు. సబాథియా ప్రతిసారీ బంతి అందుకున్నాడు. సిన్సినాటిలో ఓడాడు. నాలుగు రోజులకు పిట్స్‌బర్గ్ మీద ఏడు ఇన్నింగ్స్ విసిరి గెలిచాడు. ఇక 28, సీజన్ చివరి రోజు.

ఆ రోజు ఉదయానికి మిల్వాకీ, న్యూయార్క్ మెట్స్ సమానమైన విజయాలతో ఒకే వైల్డ్‌కార్డ్ స్థానం, అంటే తమ డివిజన్‌లో మొదటి స్థానం దక్కని జట్లకు మిగిలిన ఒకే ఒక్క ప్లేఆఫ్స్ స్థానం, కోసం పోటీపడుతున్నాయి. మిల్వాకీలో ప్రత్యర్థి షికాగో కబ్స్. రెండో ఇన్నింగ్స్‌లోనే కబ్స్‌కు ఒక పరుగు దక్కింది, అయితే అది మిల్వాకీ ఫీల్డింగ్ లోపం వల్ల వచ్చిన పరుగు, సబాథియా ఖాతాలోది కాదు. ఆ తరువాత ఇన్నింగ్స్ మీద ఇన్నింగ్స్ గడిచాయి, సబాథియా ఇంకేమీ ఇవ్వలేదు. తన జట్టు బ్యాటర్లు కూడా ఏమీ చేయలేకపోయారు. ఏడో ఇన్నింగ్స్‌లో ఎట్టకేలకు 1-1. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో రయాన్ బ్రాన్ రెండు పరుగుల హోమ్‌రన్ కొట్టాడు, 3-1. అప్పటికి సబాథియా వందకు పైగా బంతులు విసిరాడు, తొమ్మిది రోజుల్లో ఇది మూడో ఆట. తొమ్మిదో ఇన్నింగ్స్ మరొకరికి అప్పగించి ఉంటే ఎవరూ ఏమీ అనేవారు కారు. మౌండ్ మీదికి వచ్చింది మళ్లీ అతడే. ఒకే బంతికి ఇద్దరు అవుటయ్యే డబుల్ ప్లేతో ఆట ముగిసేసరికి 122 బంతులు, నాలుగు హిట్లు, ఏడు స్ట్రైకౌట్లు. అయినా పని పూర్తి కాలేదు. న్యూయార్క్‌లో మెట్స్ ఆట ఇంకా సాగుతోంది. ఆటగాళ్లు, ప్రేక్షకులు మైదానం వదలకుండా పెద్ద తెర మీద ఆ ఆట చూస్తూ నిలబడ్డారు. షే స్టేడియంలో అదే చివరి ఆట. మెట్స్ ఫ్లోరిడా మార్లిన్స్ చేతిలో 4-2తో ఓడారు. 90 విజయాలతో, ఒకే ఒక్క ఆట తేడాతో, మిల్వాకీ ఇరవయ్యారేళ్ల తరువాత ప్లేఆఫ్స్‌కు చేరింది.

ఆ తరువాత జరిగింది కూడా చెప్పాలి, లేకపోతే నేను సగం నిజమే చెప్పినవాణ్ని అవుతాను. అక్టోబరు 2న ఫిలడెల్ఫియాలో సబాథియా నాలుగోసారి మూడు రోజుల విశ్రాంతితోనే మౌండ్ ఎక్కాడు. రెండో ఇన్నింగ్స్‌లో ప్రత్యర్థి పిచర్ బ్రెట్ మయర్స్ బ్యాటింగ్‌కు వచ్చాడు. నేషనల్ లీగ్‌లో పిచర్‌కు విసరడం తేలికని ఇంతకు ముందు చెప్పాను కదా. మయర్స్ రెండు స్ట్రైకులు పడ్డాక కూడా నిలబడి, బంతి తరువాత బంతిని హద్దు బయటికి కొట్టి ఫౌల్ చేస్తూ, వదిలేస్తూ, తొమ్మిదో బంతికి వాక్ సంపాదించాడు. మైదానం మొత్తం హోరెత్తింది. తరువాతి బ్యాటర్ జిమ్మీ రోలిన్స్‌కు నాలుగు బంతుల్లోనే వాక్. ఆ తరువాత షేన్ విక్టోరినో గ్రాండ్‌స్లామ్, ఒక్క దెబ్బకు నాలుగు పరుగులు. నాలుగో ఇన్నింగ్స్ పూర్తి కాకుండానే సబాథియా దిగిపోయాడు. ఆ చేయి ఇవ్వగలిగినదంతా సెప్టెంబరు 28నే ఇచ్చేసిందని నా నమ్మకం. ఫిలడెల్ఫియా ఆ సిరీస్ గెలిచి, ఆ ఏడాది తుది పోరైన వరల్డ్ సిరీస్ కూడా గెలిచింది. నేషనల్ లీగ్ సై యంగ్ టిమ్ లిన్సెకమ్‌కు వెళ్లింది. సగం సీజన్ మాత్రమే ఆ లీగ్‌లో ఆడినా సబాథియా ఓటింగులో ఐదో స్థానంలో నిలిచాడు.

డిసెంబరులో న్యూయార్క్ యాంకీస్ అతనితో ఏడేళ్లకు 16 కోట్ల 10 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకుంది. చేయి పాడైపోతుందని భయపడినవారి భయం నిజం కాలేదు. 2009లో 230 ఇన్నింగ్స్ విసిరి, 19 గెలిచి, యాంకీస్‌కు వరల్డ్ సిరీస్ సాధించిపెట్టాడు. 251 విజయాలు, 3,093 స్ట్రైకౌట్లతో ఆట ముగించి, 2025లో మొదటి ప్రయత్నంలోనే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు.

మరి రెండు జట్ల లెక్క ఎలా తేలింది? ఫ్రీ ఏజెంట్‌గా పోయిన ఆటగాడికి బదులుగా, అతణ్ని తీసుకున్న జట్టు డ్రాఫ్ట్ స్థానం పాత జట్టుకు దక్కే నియమం అప్పట్లో ఉండేది. ఆ ప్రకారం యాంకీస్ తొలి రౌండ్ స్థానం మిల్వాకీకి రావలసింది. అదే శీతాకాలంలో యాంకీస్ మార్క్ టెషేరాను కూడా తీసుకుంది. నాటి ర్యాంకుల లెక్కలో అతడు పైన ఉండడంతో ఆ స్థానం అతని పాత జట్టు ఏంజెల్స్‌కు వెళ్లింది, మిల్వాకీకి రెండో రౌండ్ మిగిలింది. ఏంజెల్స్ ఆ స్థానంతో ఎంచుకున్న కుర్రవాడు మైక్ ట్రౌట్, తరువాత ఈ తరం మేటి ఆటగాళ్లలో ఒకడైనవాడు. మిల్వాకీ అతణ్నే ఎంచుకునేదని ఎవరూ చెప్పలేరు, అయినా తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

క్లీవ్‌ల్యాండ్‌కు దక్కిన ముగ్గురిలో అందరి ఆశలూ పెట్టుకున్న లపోర్టా నాలుగేళ్లలో .238 బ్యాటింగ్ సగటుతోనే, అంటే నాలుగు ప్రయత్నాలకు ఒక్క హిట్ కూడా దక్కకుండానే, ఆగిపోయాడు. జాక్సన్, బ్రైసన్ ఎవరికీ గుర్తు లేరు. ఇక గుర్తు పెట్టుకోమన్న ఆ నాలుగో ఆటగాడు. ఒప్పందంలో ఒక షరతు ఉంది: మిల్వాకీ ప్లేఆఫ్స్‌కు చేరితే, ఆ ఆటగాణ్ని ఎంచుకునే హక్కు క్లీవ్‌ల్యాండ్‌ది. సెప్టెంబరు 28న తొమ్మిదో ఇన్నింగ్స్ దాకా విసిరి మిల్వాకీని ప్లేఆఫ్స్‌కు చేర్చిన సబాథియా, తన పాత జట్టుకు ఆ హక్కును కూడా సంపాదించిపెట్టాడు. అక్టోబరులో క్లీవ్‌ల్యాండ్ ఎంచుకున్న పేరు మైకేల్ బ్రాంట్లీ. పదేళ్లపాటు అతడు క్లీవ్‌ల్యాండ్ తరఫున ఆడి, మేటి ఆటగాళ్ల ఆల్ స్టార్ జట్టుకు ఎంపికై, 2014లో అమెరికన్ లీగ్ అత్యుత్తమ ఆటగాడి ఓటింగులో మూడో స్థానంలో నిలిచాడు.